బాకూ రిమ్మా కడిగేసిన కప్పు

రిమ్మా శవపేటిక ఇంకా గదిలోనే ఉంది. చుట్టూ మా ఊరి ఆడవాళ్ళం కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఏడ్చేవాళ్ళు పెద్దగా లేరు. మా తోటికోడలు గ్రేటా పేటిక మీదికి వంగి, రిమ్మా మొహంలోకి చూసి, "ఇప్పుడైనా చెప్తుందేమో, ఎవరి మనిషో" అంది.

"అక్కా, చచ్చినదాన్ని కూడానా?" అన్నాను.

"చచ్చినాక భయమేముంది, నిజం చెప్పడానికి?"

ఎవరో నవ్వు ఆపుకుంటూ దగ్గారు. నా గౌను జేబులో రిమ్మా ఫోను ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళే ముందు నా చేతిలో పెట్టి, "ఇది గ్రేటా చేతికివ్వకు, వొలోద్యా చేతికి అసలే ఇవ్వకు" అని చెప్పింది. వొలోద్యా మా ఊరి పెద్ద. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. అనుమానాలు అడిగితే తీరేవి కావని మాకు అలవాటైపోయింది.

మేము కరబాఖ్ కొండల వాళ్ళం, ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళం. ఇప్పుడు అరారత్ మైదానంలో ఒక పల్లెటూళ్ళో అద్దె ఇళ్ళల్లో ఉంటున్నాం. మా ఊరు తంజషేన్. పేరు చెబితే ఇక్కడివాళ్ళకి తెలియదు, బయటి ప్రపంచానికి మరీ తెలియదు. కొండవాలున ఉన్న ఊరు, చుట్టూ అడవి బేరిచెట్లు. మా దగ్గర మూడు యుద్ధాలైనా, ఎవరైనా అడిగితే ముందు మ్యాపులో ఆ చోటు చూపించాల్సి వస్తుంది.

రిమ్మా పుట్టింది బాకూలో, ఇప్పుడు మాకు శత్రువైన దేశపు రాజధానిలో. అక్కడివాళ్ళని మేము తుర్కులంటాం. బాకూలో మావాళ్ళ ఇళ్ళ మీద పడి కొట్టిన చలికాలంలో పక్కింటి తుర్కు పిల్ల సోల్మాజ్, రిమ్మానీ వాళ్ళమ్మనీ తన గదిలో పరుపుల వెనక దాచింది. గొడవ సద్దుమణిగాక తన బుర్ఖాలాంటి శాలువా కప్పి రేవుకి తీసుకెళ్ళి పడవ ఎక్కించింది. తల్లి పడవలోనే చనిపోయింది. రిమ్మా ఎక్కడెక్కడో తిరిగి మా ఊళ్ళో ఉన్న పెత్తల్లి ఇంటికొచ్చింది. ఈ కథ ఆమె చెప్పిందే. మేము నమ్మామా అంటే, సగం.

వచ్చిన మొదటి వారమే ఊరికి అనుమానం వచ్చింది. ఆడవాళ్ళందరం కలిసి తొనీర్ దగ్గర, అదే నేలలో తవ్విన రొట్టెల పొయ్యి దగ్గర, పిండి ఉండలు చేస్తుంటే రిమ్మా ఉండల్ని తుర్కు భాషలో లెక్కపెట్టింది. తెలియకుండా నోటికొచ్చేసింది. గ్రేటా రొట్టె కర్ర కింద పెట్టేసి, "మన పిండి వాళ్ళ లెక్కలో పడిందేమే" అంది.

రిమ్మా సిగ్గుపడలేదు. "లెక్క ఏ భాషలో పెట్టినా రొట్టెలు అన్నే వస్తాయి గ్రేటా. నువ్వు తినేటప్పుడు మాత్రం తగ్గుతాయి" అంది.

మా ఊరి ఆర్కాదీ ఆ మాటకి నవ్వి ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. మొదటి యుద్ధంలోనే మందుపాతర మీద కాలు పెట్టి పోయాడు. మా తరఫున మొగుణ్ణి పోగొట్టుకున్నా సరే, ఆమెని "బాకూ రిమ్మా" అనే పిలిచారు. బడిలో గదులు వెచ్చగా ఉండడానికి పొయ్యిలు వెలిగించే పని చేసేది. టీ తాగేది, కాఫీ తాగేది కాదు. మేము కాఫీ తాగి కప్పు బోర్లించి, మడ్డి ఆరాక అందులో గీతలు చూసి జోస్యం చెప్పుకుంటుంటే పగలబడి నవ్వేది. "బురదలో మొగుళ్ళని వెతుక్కుంటున్నారు" అనేది.

ఇది గుర్తుపెట్టుకోండి. నవ్విన మనిషే, ఆ తరవాత కప్పులు చదవడం మొదలుపెట్టింది.

రెండువేల ఇరవై యుద్ధం అయిపోయింది. నా కొడుకు విగెన్ తిరిగి రాలేదు. చనిపోయాడని ఎవరూ చెప్పలేదు, బతికున్నాడనీ చెప్పలేదు. దక్షిణం వైపు అడవిలో వాళ్ళ జట్టు చెదిరిపోయిందని మాత్రం తెలిసింది. శాంతి దళం పేరుతో రష్యా సైనికులు వచ్చి మా కూడలిలో దిగారు. మా ఆయన యూరిక్ టీవీ ముందు కూర్చుని కూటములూ ఒప్పందాలూ అన్నీ వినేవాడు. మాటి మాటికీ "మిత్రులట" అని ఛానల్ మార్చేవాడు. ఇంకో ఛానల్లో ఇంకో మిత్రుడు మాట్లాడుతుండేవాడు.

ఆ చలికాలమే ఒకరోజు గ్రేటా ఇంట్లో కాఫీ తాగుతుంటే, రిమ్మా గ్రేటా కప్పు అందుకుని తిప్పి చూసింది.

"మీ అన్న కొడుకు స్పార్తాక్ నాలుగు గోడల మధ్య ఉన్నాడు. ఎడమ కాలికి తెల్లగా ఏదో చుట్టారు. సూప్ తాగుతున్నాడు, బాలేదని తిడుతున్నాడు."

గ్రేటా ఆమెని తిట్టి పంపేసింది. మంచు కరిగే వేళకి ఖైదీల మార్పిడిలో స్పార్తాక్ విమానం దిగాడు. ఎడమ కాలికి కట్టు. వాడు చెప్పిన మొదటి కబురు, అక్కడి సూప్ గురించే.

వేరే ఎవరైనా అయితే రిమ్మా కాళ్ళకి దణ్ణం పెట్టేవాళ్ళు. గ్రేటా మాత్రం మా ఇంటికొచ్చి తలుపు వేసింది. "సిరాన్, కాఫీ మడ్డికి సూప్ రుచి ఎలా తెలుస్తుందే?"

తరవాత ఇంకో ఇంట్లో చదివింది. "ఎదురుచూడొద్దు. నీళ్ళ ట్యాంకు దగ్గర, కూలిన చెట్టు కింద" అంది. వెతికే బృందానికి ఆ ఇంటి అబ్బాయి అక్కడే దొరికాడు. వొలోద్యా, "ఈవిడ దేవతైనా అయ్యుండాలి, లేకపోతే అవతలివాళ్ళతో ఫోన్లో మాట్లాడుతూ అయినా ఉండాలి" అన్నాడు. దేవత అన్న మాటని ఎవరూ పట్టించుకోలేదు. పాత మిల్లు వెనక మెట్ట మీద సిగ్నల్ దొరుకుతుంది, మేక మేపే పని కూడా లేకుండా రిమ్మా అక్కడికి ఎందుకెళ్తుందో అందరూ ఆలోచించడం మొదలుపెట్టారు.

నేను ఆలోచించింది వేరు. అందరి కప్పులూ చదువుతుంది, నా కప్పు చదవదేం?

రోజూ ఆమె ఇంటికి వెళ్ళేదాన్ని. నా కాఫీ తాగి కప్పు బోర్లించేదాన్ని. మడ్డి ఆరకముందే రిమ్మా లేచి, ఏదో మాట్లాడుతూ, ఆ కప్పు తీసుకెళ్ళి కుళాయి కింద కడిగేసేది. ఒకసారి కాదు, ప్రతిసారీ.

"రిమ్మక్కా, ఆరనివ్వచ్చుగా."

"నీకేం జోస్యం పిల్లా. ఇంకో కాఫీ పోస్తా."

తెలిసే దాస్తోందా? చెడ్డ కబురు కాబట్టి దాస్తోందా? అసలు దాయడానికి ఇంకేదైనా ఉందా? ఇంటికొచ్చి యూరిక్‌కి చెబితే, "దాని కప్పులూ వద్దు, దాని కాఫీ వద్దు" అన్నాడు.

ఒక రోజు రిమ్మాయే అడిగింది. నా వైపు చూడకుండా, కప్పు తుడుస్తూ అడిగింది.

"విగెన్ ఒంటి మీద ఏముంది ఆ రోజున? ఏదైనా గుర్తు? నువ్వు ఇచ్చింది, నువ్వు కుట్టింది?"

 తప్పిపోయిన పిల్లల తల్లులు మా దగ్గర ఒకటి నేర్చుకున్నారు. పక్క ఊళ్ళో ఒకావిడకి ఫోను వచ్చింది, మీ వాడు మా దగ్గరున్నాడు, గుర్తు చెప్పండి, నిజమో కాదో చూస్తాం అని. ఆవిడ సంతోషం పట్టలేక భుజం మీద పుట్టుమచ్చ గురించి చెప్పేసింది. మర్నాడు అదే మనిషి అదే పుట్టుమచ్చని ఆవిడకే వర్ణించి చెప్పి, ఏడాది పొడుగునా ఆవిణ్ణి ఆడించాడు. అక్కడ కొడుకూ లేడు, ఏమీ లేదు. అప్పటినించీ మేమందరం ఒక మాట మీద ఉన్నాం. గుర్తు మనం చెప్పం. వాళ్ళే చెప్పాలి.

"నల్ల జాకెట్టు, బూట్లు. అందరు పిల్లల్లాగే" అన్నాను.

రిమ్మా నా మొహంలోకి చూసింది. అబద్ధం చెప్పలేదని, నిజమూ చెప్పలేదని ఆమెకి తెలిసిపోయింది. మళ్ళీ అడగలేదు. ఆ రోజు కూడా కప్పు కడిగేసింది.

మూడో చలికాలం మొదట్లో, మేము బయటికి వెళ్ళే ఒక్క దారినీ తుర్కులు మూసేశారు. పిండి లేదు, మందులు లేవు, కరెంటు కొంచెంసేపే. కడుపు కాలితే అనుమానం ఎక్కువవుతుంది. రొట్టెల వరసలో నిలబడి జనం రిమ్మా గురించే మాట్లాడేవాళ్ళు. చివరికి వొలోద్యా, గ్రేటా కలిసి ఆమె ఇంటికి బయల్దేరారు. యూరిక్ వెళ్ళాడు, వెనకే నేనూ వెళ్ళాను.

"ఫోను బల్ల మీద పెట్టు" అన్నాడు వొలోద్యా.

పెట్టింది.

"ఎవరితో మాట్లాడతావు?"

"సోల్మాజ్‌తో."

పేరు దాచకుండా చెప్పేసరికి వొలోద్యాకి ఏమనాలో తోచలేదు. గ్రేటాకి తోచింది. "చూశారా! నేను రొట్టెల దగ్గరే అన్నాను!"

"అన్నావులే, ముప్ఫై ఏళ్ళయింది, ఇంకా నములుతూనే ఉన్నావు" అంది రిమ్మా. తరవాత మా అందరికీ చెప్పింది. సోల్మాజ్ అక్కడ ఒక ఆసుపత్రిలో బట్టలుతికే చోట పని చేస్తుంది. ఖైదీల బట్టలు వస్తాయి, పేరు లేని శవాల బట్టలూ వస్తాయి. డ్రైవర్లు మాట్లాడుకుంటారు, నర్సులు మాట్లాడుకుంటారు. ఆమె వింటుంది. ఇటువైపు వాళ్ళ సైనికుల శవాలు ఎక్కడెక్కడ పూడ్చారో రిమ్మా వింటుంది. వాళ్ళిద్దరూ ఆ కబుర్లు మార్చుకుంటారు.

"తిన్నగా చెప్పొచ్చుగా, కప్పులెందుకు మరి?" అన్నాను.

"తిన్నగా చెబితే ఎవరు చెప్పారని అడుగుతారు. అక్కడ ఆమె మెడకి, ఇక్కడ నా మెడకి ఉరి. కప్పుని ఎవరూ నిలదియ్యరు కదా."

"ఇది గూఢచారి పనే" అన్నాడు వొలోద్యా. "పద, కూడలిలో శాంతి దళానికి అప్పగిస్తా."

యూరిక్ అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉన్నాడు. "వాళ్ళకా? వాళ్ళు ఎవరి మనుషులో తేల్చుకున్నావా ముందు? దారి మూసేసి ఇన్నాళ్ళయింది, కాపలాకని వచ్చినవాళ్ళు ఒక్క కర్ర పక్కకి జరిపారా?"

"మరేం చెయ్యమంటావు?"

"ఏమీ వద్దు. ఫోను వదిలెయ్." రిమ్మా వైపు తిరిగాడు. "నా కొడుకు సంగతి అడిగావా ఆవిణ్ణి?"

"అడిగాను. నల్ల జాకెట్టు, బూట్లు. అలాంటివి గుట్టలు. గుర్తు లేకుండా ఏం వెతుకుతుంది యూరిక్?" రిమ్మా నా వైపు చూడలేదు. మిగతావాళ్ళందరూ చూశారు. "సోల్మాజ్‌కి కూడా ఒకటి కావాలి. వాళ్ళ అక్క కొడుకు మన వాగు దగ్గరే పోయాడు. ఆ శవాన్ని పూడ్చింది నువ్వని విన్నాను. ఎక్కడ?"

యూరిక్ మొహం గట్టిపడింది. "నా కొడుకు ఎక్కడున్నాడో ఆవిడ చెప్తే, వాడెక్కడున్నాడో నేను చెప్తా."

"బేరమా?"

"బేరమే. పెద్ద పెద్ద దేశాలు చేస్తే ఒప్పందం, నేను చేస్తే బేరమా?"

అతని దగ్గర ఒక చోటు, నా దగ్గర ఒక గుర్తు. ఇద్దరం నోరు విప్పలేదు. నేను రిమ్మాని నమ్మలేదు. నిజం చెప్పాలంటే, పైన పచ్చిక బయళ్ళ దగ్గర కందకాల్లో మనవాళ్ళెవరున్నారని రిమ్మా ఒకసారి నన్ను అడిగింది. ఎందుకడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. మామూలుగానే అడిగి ఉండవచ్చు. మామూలుగా అడిగినవి కూడా అప్పట్లో మామూలుగా వినిపించేవి కావు.

మరుసటి సెప్టెంబరులో ఫిరంగులు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి యుద్ధం అనేంత సేపు కూడా జరగలేదు. యూరిక్ కూడలికి పరిగెత్తి శాంతి దళం అధికారిని అడిగాడట. ఆ మనిషి, "మాకు ఆదేశం లేదు" అని, కాసేపాగి, "పెట్రోలు ఉందా మీకు?" అన్నాడట. ఊరు వదిలి పోవాల్సిందేనని దాంతో మాకు అర్థమైపోయింది. ఊరంతా సామాను కట్టడం మొదలుపెట్టింది.

యూరిక్ పెట్రోలు వరసలో నిలబడడానికి వెళ్ళాడు. నేను దుప్పట్లు చుడుతున్నాను. రిమ్మా ఒక సంచితో గుమ్మంలోకి వచ్చింది. ఏమీ అడగలేదు. నా దుప్పట్లకి తాడు పట్టుకుంది, అంతే. వాగు దగ్గర ఆ పిల్లాణ్ణి పూడ్చి యూరిక్ పైన పెట్టిన రాయి నా కళ్ళ ముందు మెదిలింది. మేము వెళ్ళిపోతే ఆ రాయి కింద ఎవరున్నారో చెప్పేవాళ్ళు ఉండరు. యూరిక్ చెప్పడు. తుర్కుల పిల్లాడే కావచ్చు, వాడి బూట్లు విప్పేటప్పుడు నేనూ చూశాను, మా విగెన్ వయసే. ఆ రోజు పాత దుప్పటి తెచ్చి ఇచ్చింది నేనే.

"పద" అన్నాను.

వాగు ఒడ్డున, వంగిపోయిన అడవి బేరిచెట్టు కింద, బల్లపరుపు రాయి. చుట్టూ రాలిన బేరికాయల్ని కందిరీగలు తింటున్నాయి. రిమ్మా చూసింది. "ఇదేనా?" అంది.

"ఇదే. తల ఈ వైపు. యూరిక్ తల ఎటు పెట్టాలో తెలీక చాలాసేపు ఆలోచించాడు."

ఆమె సంచిలోంచి పిడి విరిగిన కాఫీ కప్పు తీసింది. నేను రోజూ తాగే కప్పు. రాయి మీద బోర్లించి, గాలికి పడకుండా చుట్టూ గులకరాళ్ళు పేర్చింది.

"ఇదొక్కటి మాత్రం కడగలేదు" అంది.

 అప్పుడు కూడా నేను గుర్తు చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. మేము తిరిగొచ్చేసరికి యూరిక్ వచ్చి ఉన్నాడు. నా గౌను అంచుకి అంటుకున్న ముళ్ళు చూశాడు. "వాగు వైపు వెళ్ళారా?" అన్నాడు. అవునన్నాను. ఇంకేమీ అనకుండా రిమ్మా సంచి అందుకుని బండిలో పెట్టాడు. గ్రేటా వెనక సీట్లో జరిగి చోటిస్తూ, "ఈమెని తుర్కులు ఆపరులే, చుట్టాలుగా" అంది.

కూడలిలో శాంతి దళం పిల్లలు రోడ్డు పక్కన నిలబడి, చేతులూపుతూ మా బళ్ళని ముందుకి పంపుతున్నారు. వాళ్ళలో ఒకడికి రిమ్మా అంతకు ముందెప్పుడో ఆకుకూర కుక్కిన రొట్టె పెట్టింది. వాడు మా బండిని చూసి తల దించుకున్నాడు.

ఇక్కడికొచ్చాక రిమ్మా ఎక్కువ రోజులు లేదు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. బడి పొయ్యిల పొగ అన్నారు డాక్టర్లు. ఇక్కడ కూడా టీయే తాగింది. ఎవరి కప్పూ చదవలేదు, సోల్మాజ్ ఊసెత్తలేదు. నేను అడిగితే, "రాయి దొరికిందో లేదో, ఆమె కూడా చెప్పలేదు" అంది. ఆ మాట కూడా నాకు సగమే ఎక్కింది.

సరే. శవపేటిక వెళ్ళిపోయింది. మగాళ్ళు శ్మశానం నించి వచ్చి భోజనాలకి కూర్చున్నారు. వొలోద్యా మల్బరీ సారా గ్లాసు పట్టుకుని లేచి, రిమ్మా ఆత్మకి శాంతి అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "ఆ ఫోను ఏమైందో ఎవరికైనా తెలుసా?" అన్నాడు.

అప్పుడే నా జేబులో అది మోగింది.

గబుక్కున పెరట్లోకి వెళ్ళాను. తెర మీద పేరుకి బదులు, బాకూ వాళ్ళు టీ తాగే నడుము సన్నటి గ్లాసు బొమ్మ. ఎత్తాను.

"రిమ్మా?" రష్యన్‌లో, ముసలి గొంతు.

"రిమ్మా లేదు. ఇవాళే పూడ్చాం."

 అవతల ముక్కు చీదుకున్న చప్పుడు. "నువ్వు సిరానూష్‌వి కదూ?"

నా పూర్తి పేరు ఈమెకెలా తెలుసు? ఎర్రగా ఉన్న మీట మీద వేలు పెట్టాను.

"పెట్టెయ్యకు" అంది ఆమె. "కప్పు దొరికింది. అక్కడికి వెళ్ళనివ్వడానికే ఇన్నాళ్ళు పట్టింది మాకు. మా అక్క కొడుకుని ఇంటికి తెచ్చుకున్నాం. దుప్పటి చుట్టి ఉంది. నువ్వు చుట్టావా?"

"మా ఆయన చుట్టాడు."

"ఆయన చేతులు చల్లగా ఉండాలి. విను, నేను తిరిగొచ్చి మళ్ళీ మొదటినించీ అన్నీ విప్పాను, పేరు లేనివాళ్ళ బట్టల మూటలు. ఉతికి దాచేవాళ్ళం. నీ కొడుక్కి ఏదైనా గుర్తుందా?"

మళ్ళీ అదే ప్రశ్న. ఇన్నేళ్ళుగా అదే ప్రశ్న.

"నువ్వే చెప్పు" అన్నాను.

ఆమెకి కోపం రాలేదు. "తెలుసు. రిమ్మా చెప్పింది, నువ్వు చెప్పవని. నా చేతిలో ఒక జత మేజోళ్ళున్నాయి. బూడిద రంగు ఉన్ని, ఇంట్లో అల్లినవి. ఒకదాని మడమ చిరిగితే ఎర్ర దారంతో కుట్టారు. తివాచీ నేసే దారం అది. మా అమ్మ కూడా దాంతోనే కుట్టేది."

 వాడు యుద్ధానికి బయల్దేరిన రోజు నల్ల దారం అయిపోయింది. విగెన్ గుమ్మంలో నిలబడి తొందర పెడుతున్నాడు. ఈ సంగతి యూరిక్‌కి చెప్పలేదు, రిమ్మాకి చెప్పలేదు, ప్రార్థనలో కూడా చెప్పలేదు.

అయినా నమ్మకం కుదరలేదు. తివాచీ దారం మా కొండల్లో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. "ముడి ఎటువైపు వేసి ఉంది?" అన్నాను.

బట్ట తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"బయటికి" అంది సోల్మాజ్. "లోపలికి వెయ్యలేదు. పిల్లాడి కాలికి గుచ్చుకోకుండా బయటికి వేశారు."

వంటగది కిటికీలోంచి గ్రేటా తల బయట పెట్టింది. "ఎవరే ఫోన్లో? ఎవరితోనే మాట్లాడుతున్నావు?"

నేను అటు తిరగలేదు.

"మూట మీద ఎక్కడ పూడ్చారో రాసి ఉంది" అంటోంది సోల్మాజ్. "పేరున్న చోట మాత్రం ఖాళీ."

"విగెన్" అన్నాను. "విగెన్ అని రాయి. నేను పలుకుతా, మెల్లగా రాసుకో."

గ్రేటా కిటికీ దగ్గరే నిలబడి వింటోంది. విననీ అనుకున్నాను. ఒక్కొక్క అక్షరం గట్టిగా పలికాను.